2014 బంగాళాఖాతం తీర్పు: ఓడి ఒప్పుకున్నందుకు మనకు దక్కిందేమిటి?

సాగరరేఖ
2014 జులై 7న హేగ్‌లో ఐదుగురు సభ్యుల మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య బంగాళాఖాతంలో సరిహద్దు గీసింది. తగువులో ఉన్న సముద్రం 25,602 చదరపు కిలోమీటర్లు. అందులో 19,467 బంగ్లాదేశ్‌కు పోయింది. మనం సమదూర రేఖ (రెండు తీరాలకూ సమాన దూరంలో ఉండే గీత) ప్రకారం గీయమన్నాం. ఒడ్డు లోపలికి వంగి ఉంది కాబట్టి ఆ రేఖ మాకు అన్యాయం, 180 డిగ్రీల మీద నేరుగా దక్షిణానికి గీయండి అని వాళ్లన్నారు. ట్రైబ్యునల్ 177 డిగ్రీల 30 నిమిషాల దగ్గర ఆగింది. అంటే వాళ్లు అడిగినదానికి బాగా దగ్గర.

ఐదుగురిలో ఒక్కరే విభేదించారు. మన దేశం తరఫున నియమితులైన పెమ్మరాజు శ్రీనివాసరావు గారు. విదేశాంగ శాఖ న్యాయ సలహాదారుగా చేసిన తెలుగాయన. రేఖను అంత పక్కకు జరపడానికి తగిన కారణం చూపలేదని ఆయన వాదం. నాకు ఆ వాదంలో బలం కనిపిస్తుంది. అయినా మర్నాడే మన విదేశాంగ శాఖ తీర్పును గౌరవిస్తామని చెప్పింది. తన జనాభాలో ఎనిమిదో వంతు ఉన్న పొరుగు దేశం చేతిలో ఓడి, గొడవ చేయకుండా ఒప్పుకుంది.

అదే ఏడాది డిసెంబరులో యోగా దినోత్సవ తీర్మానానికి 177 దేశాలు కలిసొచ్చాయి. సాఫ్ట్ పవర్ (బలంతో కాక ఆకర్షణతో ఒప్పించే శక్తి) అనగానే అందరూ దాన్నే చూపిస్తారు. ఆ భావనకు పేరు పెట్టిన జోసెఫ్ నై మాత్రం మూడు మూలాలు చెప్పారు: సంస్కృతి, రాజకీయ విలువలు, ఇతరులకు న్యాయంగా కనిపించే విదేశాంగ విధానం. మనం మొదటిదాని దగ్గరే ఆగిపోతున్నాం. నా మటుకు 2014లో భారత్ చూపించిన అసలు సాఫ్ట్ పవర్ జులై నెలలోదే. మీరేమంటారు?

మాజీ_నౌకాదళం
సాగరరేఖ గారూ, విశాఖలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను. సముద్రంలో లెక్కకొచ్చేది అక్కడ ఓడ ఎవరిది తిరుగుతోందన్నదే. మనం ఒప్పుకున్న రెండేళ్లకు, 2016 జులై 12న, దక్షిణ చైనా సముద్రం మీద ఫిలిప్పీన్స్ గెలిచింది. చైనా తన మ్యాపులో గీసుకున్న తొమ్మిది గీతల రేఖ లోపల దానికి చారిత్రక హక్కులు లేవని ట్రైబ్యునల్ తేల్చింది. చైనా విచారణకే రాలేదు. తీర్పు చెల్లదంది. మిస్చీఫ్, సుబి, ఫైరీ క్రాస్ దిబ్బల మీద అప్పటికే రన్‌వేలు కట్టింది, అవి నేటికీ దాని చేతిలోనే ఉన్నాయి. స్కార్‌బరో దిబ్బను 2012లోనే పట్టుకుంది, వదల్లేదు.

ఇక అమెరికా. సముద్రం మీద ఏ దేశానికి ఏ హక్కులో చెప్పే ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో చేరనే లేదు. అయినా 2021 ఏప్రిల్‌లో లక్షద్వీప్ దగ్గర మన ప్రత్యేక ఆర్థిక మండలిలోకి (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా చేపలు, ఖనిజాల మీద మన హక్కున్న సముద్రం) యుద్ధనౌకను పంపి, ముందస్తు అనుమతి అడగాలన్న మీ షరతు ఆ ఒప్పందానికే విరుద్ధమని మనకే చెప్పింది. 1986లో నికరాగ్వా కేసులో (ఆ దేశపు తిరుగుబాటుదారులకు సాయం చేసినందుకు) ఓడినప్పుడు అంతర్జాతీయ న్యాయస్థానం మాట వినలేదు. పెద్ద దేశాలు ఇలాగే నడుస్తాయి. మనం మాత్రం 19,467 చదరపు కిలోమీటర్లు ఇచ్చేసి మంచివాళ్లం అనిపించుకోవాలా?

ఓయూ_లా_ఫైనలియర్
సార్, ఒక చిన్న సవరణ. "ఇచ్చేసినం" అంటే అంతకుముందు మనదై ఉండాలె. అది ఎవరిదో అప్పటికి తేలలేదు, తగువంతా దానిమీదనే. వాళ్లడిగినంతా కూడా వాళ్లకు రాలేదు. దక్షిణ తల్పట్టి, మనోళ్లు న్యూ మూర్ అనే దీవి ఉండె గద, అది సముద్రంల మునిగిపోయింది గాని ఆ చోటు మన దిక్కే వచ్చింది.

ఇంకో సంగతి ఎవరూ చెప్తలేరు. సముద్ర చట్ట ఒప్పందంల 298వ అధికరణం ఉంటది. సరిహద్దు తగాదాలను నిర్బంధ విచారణ నుంచి తప్పించమని ఏ దేశమైనా ముందే ప్రకటన ఇచ్చుకోవచ్చు. చైనా 2006ల ఇచ్చింది. ఆ ట్రైబ్యునల్ సరిహద్దు జోలికి పోకుండ, చారిత్రక హక్కులు, దిబ్బల హోదా వరకే ఆగింది అందుకే. మనం 1995ల ఒప్పందాన్ని ధ్రువీకరించినప్పుడు అసొంటి ప్రకటన ఇయ్యలేదు. అందుకే 2009 అక్టోబరుల బంగ్లాదేశ్ మన మీద, మయన్మార్ మీద ఒక్కరోజే కేసు వెయ్యగలిగింది. అంటే మనం ఒప్పుకున్నది 2014ల కాదు, 1995లనే ఒప్పుకున్నం. 2014ల చేసింది ఇచ్చిన మాట నిలబెట్టుకునుడు.

సాగరరేఖ
298 సంగతి చెప్పినందుకు థాంక్స్, చర్చకు అది చాలా అవసరం.

నౌకాదళం గారూ, చైనా ఏమీ పోగొట్టుకోలేదని నేను ఒప్పుకోలేను. తీర్పు వచ్చిన కొన్నాళ్లకే అప్పటి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు డుటెర్టే దాన్ని పక్కన పెట్టేశారు, పెట్టుబడుల కోసం బీజింగ్ వైపు తిరిగారు. అలాంటి మనిషే 2020లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఆ తీర్పు అంతర్జాతీయ చట్టంలో భాగమైపోయిందని, దాన్ని ఏ ప్రభుత్వమూ చెరపలేదని చెప్పవలసి వచ్చింది. అదే ఏడాది ఇండొనేషియా ఐక్యరాజ్యసమితికి రాసిన లేఖలో అదే తీర్పును చూపించింది. ఇండొనేషియా ఆ కేసులో కక్షిదారు కూడా కాదు. 2023లో ఫిలిప్పీన్స్ తన గడ్డమీద అమెరికా సేనలకు అందుబాటులో ఉన్న స్థావరాలను ఐదు నుంచి తొమ్మిదికి పెంచింది. దిబ్బలు చైనా చేతిలోనే ఉన్నాయి, నిజమే. కానీ చుట్టూ ఉన్న దేశాల్లో దాని మాటను నమ్మేవాళ్లు తగ్గిపోయారు.

మన సంగతి కూడా చూడండి. 2016లో మనం తీర్పును "గమనించాం" అని జాగ్రత్తగా అన్నాం. 2023 జూన్ నాటికి దానికి కట్టుబడాలని ఫిలిప్పీన్స్‌తో కలిసి సంయుక్త ప్రకటనలో చెప్పాం. 2014లో మన మీదికొచ్చిన తీర్పును మనమే తోసిపుచ్చి ఉంటే, ఈ మాట ఏ నోటితో అనేవాళ్లం?

మాజీ_నౌకాదళం
ఫిలిప్పీన్స్ మన దగ్గర కొన్నది తీర్పు కాదండీ, బ్రహ్మోస్. 2022 జనవరిలో దాదాపు 37.5 కోట్ల డాలర్ల ఒప్పందం, 2024 ఏప్రిల్‌లో మొదటి విడత అప్పగింత. ఆ క్షిపణి పనిలో మన హైదరాబాద్‌కూ వాటా ఉంది, అందుకు గర్వపడతాను. చేతిలో తీర్పు పెట్టుకుని కూడా వాళ్లు క్షిపణి ఎందుకు కొనుక్కున్నారో ఆలోచించండి.

వార్సా_తెలుగు
నేను పోలండ్‌లో ఉంటాను. ఇక్కడ జరిగినది ఈ చర్చకు పనికొస్తుందనుకుంటున్నాను. హేగ్ ట్రైబ్యునళ్లకు పోలీసు లేదు, ఖజానా లేదు. యూరోపియన్ యూనియన్ దారి వేరు. 1964లో ఇటలీలో కోస్తా అనే లాయరు 1,925 లీరాల కరెంటు బిల్లు కట్టనని కోర్టుకెక్కాడు. అంత చిన్న కేసులో లక్సెంబర్గ్‌లోని యూరప్ ఉమ్మడి న్యాయస్థానం ఎంత పెద్ద మాట అందో చూడండి: సభ్యదేశం చేసే చట్టం యూరప్ ఉమ్మడి చట్టంతో ఢీకొంటే ఉమ్మడి చట్టానిదే పైచేయి. ఏ రాజ్యాంగ సభా ఆ మాట రాయలేదు, కోర్టే పలికింది. దేశాలు గొణుక్కుంటూనే అలవాటు పడ్డాయి.

2021లో పోలండ్ ఎదురు తిరిగింది. జడ్జీల మీద చర్యలు తీసుకునే క్రమశిక్షణ విభాగాన్ని ఆపమని లక్సెంబర్గ్ ఆదేశిస్తే ఆపలేదు. అక్టోబరు మొదట్లో ఇక్కడి రాజ్యాంగ ట్రైబ్యునల్, యూనియన్ ఒప్పందంలోని కొన్ని భాగాలు పోలండ్ రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పిచ్చింది. ఆ నెల 27న లక్సెంబర్గ్ రోజుకు 10 లక్షల యూరోల జరిమానా వేసింది. ప్రభుత్వం కట్టలేదు. బ్రస్సెల్స్‌లోని యూనియన్ యంత్రాంగం ఊరుకోలేదు, పోలండ్‌కు రావలసిన నిధుల్లోంచి కోసుకుంది. వేల మంది వీధుల్లోకొచ్చి యూరప్ జెండాలు పట్టుకున్నారు. సొంత ప్రభుత్వం మీద కోపంతో జనం దేశం బయటి కోర్టు పక్షాన నిలబడ్డారు. సాఫ్ట్ పవర్‌కు నాకు తెలిసిన అతిపెద్ద రుజువు అది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఆ ఆకర్షణ వెనక నిధుల సంచి కూడా ఉంది.

భావనపాడు_తీరం
పెద్ద పెద్ద కోర్టుల మాట బాగానే ఉంది గాని, మా శ్రీకాకుళం తీరమోళ్లకి ఏటి ఒరిగింది బాబూ? ఇక్కడ చేపలు లేక మావోళ్లు గుజరాత్ ఎలిపోయి బోట్లెక్కుతారు. 2018 నవంబరులో మా జిల్లావోళ్లని, విజయనగరమోళ్లని పాకిస్తాన్ పట్టుకెళ్లింది. 2020 జనవరిలో వాళ్లలో ఇరవై మందిని వాఘా దగ్గర వదిలారు. ఏడాది దాటి కరాచీ జైల్లో ఉన్నారు. ఆడోళ్లు కలెక్టరాఫీసుల చుట్టూ తిరిగారు. నీటి మీద గీత గీసేవోళ్లకి అది కాగితం మీద కనబడతాది. బోటెక్కినోడికి ఎక్కడ కనబడతాది?

ఓయూ_లా_ఫైనలియర్
అన్నా, నువ్వు అడిగింది పెద్ద ప్రశ్న. సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణంల ఉన్నది: ప్రత్యేక ఆర్థిక మండలిల చేపల నిబంధనలు తప్పినోళ్లను, తగిన పూచీకత్తు కడితే, బోటుతో సహా వెంటనే వదలాలె. రెండు దేశాలు వేరే ఒప్పందం చేసుకోకుంటె జైలుశిక్ష వెయ్యొద్దు. భారత్, పాకిస్తాన్ రెండూ ఆ ఒప్పందంల ఉన్నయ్. కానీ ఇది 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాల లోపలికి వర్తించదు. గుజరాత్, పాకిస్తాన్ నడుమ ఉన్న సర్ క్రీక్ దిక్కు సరిహద్దే తేలలేదు గనుక, ఎవరి బోటు ఏ నీళ్లల్ల ఉండెనన్నది తేల్చుడే కష్టం. గీత లేకపోవుడే అక్కడ జాలరి పాలిట జైలవుతున్నది.

పద్మ_ఒడ్డున
గార్మెంట్ ఫ్యాక్టరీ పనిమీద ఢాకాలో కొన్నేళ్లున్నాను. సాగరరేఖ గారి ఉత్సాహానికి కొంచెం కళ్లెం వేయక తప్పదు. 2014 తీర్పు ఒప్పుకున్నాం, సరే. 2015లో నూరవ రాజ్యాంగ సవరణతో భూసరిహద్దు ఒప్పందం అమలు చేశాం. ఆ జులై 31 అర్ధరాత్రి వాళ్ల భూమి లోపల ఉన్న మన 111 ముక్కలు, మన భూమి లోపల ఉన్న వాళ్ల 51 ముక్కలు చేతులు మారాయి. ఏ దేశానికీ చెందనట్టు బతికిన జనానికి పౌరసత్వం వచ్చింది. మంచి పని, ఎవరూ కాదనరు. అయినా 2024 ఆగస్టు 5న హసీనా పడిపోయాక ఢాకా వీధుల్లో భారత్ మీద ఎంత కోపం కనిపించిందో మీరూ చూశారు. ఆ గుడ్‌విల్ అంతా ఏమైపోయింది?

నేను విన్నంతలో అక్కడి మామూలు మనిషి సముద్ర సరిహద్దు గురించి మాట్లాడడు. తీస్తా నీళ్ల గురించి మాట్లాడతాడు. 2011లో సంతకం దాకా వచ్చి ఆగిపోయిన ఒప్పందం అది. సరిహద్దు కంచె దగ్గర కాల్పుల్లో చనిపోయినవాళ్ల గురించి మాట్లాడతాడు. వీసా గురించి మాట్లాడతాడు. మనం ఒక పార్టీతో స్నేహం చేసి దేశంతో చేశామనుకున్నాం.

మోడరేటర్
ఇక్కడి పార్టీలను తిడుతూ రాసిన పోస్టులు తొలగించాను. విషయం మీదే ఉండండి.

సాగరరేఖ
పద్మ_ఒడ్డున గారూ, మీరు చెప్పినదాంట్లో నేను కాదనేది దాదాపు లేదు. ఒక తీర్పును గౌరవిస్తే పొరుగువాళ్లు మనల్ని ప్రేమిస్తారని నేననడం లేదు. తీస్తా బాకీని సముద్రంతో తీర్చలేం.

నా మాట అంతకంటే ఇరుకైనది. 2024 తర్వాత రెండు రాజధానుల మధ్య దాదాపు ప్రతిదీ తగువైంది. 2014 రేఖను చింపేద్దామని మాత్రం ఏ పక్షమూ అనలేదు. అంతకుముందు 2021 ఏప్రిల్‌లో, తీరం నుంచి సముద్రం అడుగున సాగే నేల (కాంటినెంటల్ షెల్ఫ్) కోసం బంగ్లాదేశ్ గీసుకున్న బేస్‌లైన్ (సముద్ర హద్దుల కొలత మొదలయ్యే గీత) మీద మనం అభ్యంతరం చెప్పాం. దాన్ని ఐక్యరాజ్యసమితి కమిషన్‌కు లేఖగా రాశాం, గస్తీ నౌక పంపలేదు. 2008 నవంబరులో మయన్మార్ గ్యాస్ వెతకడానికి ఓడలు పంపితే బంగ్లాదేశ్ నౌకాదళం ఎదురుగా వెళ్లి నిలబడింది. అదే బంగాళాఖాతం ఇది. 2012లో మయన్మార్ కేసులో హాంబర్గ్ ట్రైబ్యునల్, 2014లో మన కేసులో హేగ్ తీర్పులిచ్చాక ఆ నీళ్లలో సరిహద్దు పేరుతో అలాంటి మోహరింపు మళ్లీ రాలేదు. పొరుగువాడికి మనమీద కోపమున్న రోజుల్లో కూడా పనిచేస్తోంది కాబట్టే నేను దాన్ని బలం అంటున్నాను.

హాంబర్గ్ అన్నాను కాబట్టి ఒక మాట. అక్కడి సముద్ర చట్ట ట్రైబ్యునల్‌కు 1999 నుంచి 2002 దాకా అధ్యక్షుడు మన కృష్ణా జిల్లాలో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు. 1996 నుంచి 2017 వరకు అక్కడ జడ్జిగా ఉన్నారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు చేరితే ఎంత బాగుండునో.

నిజామాబాద్_నాగలి
సముద్రం సంగతి సరే, నది సంగతి మాట్లాడరేం? కశ్మీర్ నుంచి పాకిస్తాన్ వైపు పారే కిషన్‌గంగ మీద 2013లో కోర్ట్ ఆఫ్ ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ కోర్టు) తీర్పిచ్చింది. నీళ్లు మళ్లించుకోవచ్చు గాని కింద ఎప్పుడూ సెకనుకు 9 ఘనపు మీటర్లు వదలాలంది. ఒప్పుకున్నాం, ప్రాజెక్టు కట్టుకున్నాం. ఇప్పుడో? 2022లో ప్రపంచ బ్యాంకు వేసిన కోర్టుకు మనం పోనే లేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తాన్‌తో నీళ్లు పంచుకున్న 1960 నాటి సింధు ఒప్పందాన్నే నిలుపుదలలో పెట్టాం. ఆ జూన్‌లో కోర్టు అనుబంధ తీర్పు ఇస్తే, ఆ కోర్టే చట్టవిరుద్ధంగా ఏర్పడిందని తోసిపుచ్చాం. విచారణకు పోకపోవడం, తీర్పు చెల్లదనడం... చైనాను ఏ మాటలతో తప్పుపడుతున్నారో అవే కదా ఇవి?

మాజీ_నౌకాదళం
పోలిక కుదరదు. ఫిలిప్పీన్స్ చైనా మీదికి టెర్రరిస్టులను పంపలేదు. 26 మందిని పొట్టన పెట్టుకున్నాక కూడా ఒప్పందం మామూలుగా సాగాలంటే ఏ దేశం ఒప్పుకుంటుంది?

ఓయూ_లా_ఫైనలియర్
ఇక్కడ రెండు వేరు వేరు సంగతులు కలిసిపోతున్నయ్, విడదీసి చూద్దం.

మొదటిది 2022 అభ్యంతరం. ఒప్పందంల తగువు తీర్చుకునేతందుకు మెట్లు ఉన్నయ్. సాంకేతిక తేడాలు తటస్థ నిపుణుడి దగ్గరికి, వివాదాలు కోర్టుకు. ఒక్క విషయం మీద రెండూ ఒకేసారి నడిపితే రెండు తీరుల తీర్పులొస్తయని మన వాదన. 2022ల ప్రపంచ బ్యాంకు రెండింటినీ వేసింది. మనం తటస్థ నిపుణుడి దగ్గరికి పోయినం, కోర్టుకు పోలేదు. అది చట్టం లోపల నిలబడి చేసిన వాదన. నాకు అది గట్టిదే అనిపిస్తది. చైనా కూడా "మీకు అధికార పరిధి లేదు" అన్నది నిజమే, కానీ అది వేరే ఏ విచారణకూ పోలేదు.

రెండోది 2025 నిలుపుదల. ఒప్పందంల దానికి తొవ్వ లేదు. ఏ పక్షమైనా ఒక్కతే బయటికి పోవచ్చని ఏడ రాసి లేదు, ఇద్దరు కలిసి మార్చుకోవాలె. పరిస్థితులు మూలం నుంచి మారినయని వాదించొచ్చు, ఎదుటి పక్షం చేసిన తప్పుకు ప్రతిచర్య అని వాదించొచ్చు. ఆ వాదన ఏడనో ఒకచోట పూర్తిగ రాసి పెట్టాలె కదా. నాకున్న బాధ గదే. నేను మూట్ కోర్టుల (లా విద్యార్థుల నమూనా విచారణల) భారత్ పక్షం వాదించాలన్నా, నా ముందట ప్రకటనలే ఉన్నయ్, వాదన లేదు.

సాగరరేఖ
నాగలి గారి ప్రశ్న తప్పించుకోదగినది కాదు. సూటిగా చెబుతాను. పహల్గాం తర్వాత పాకిస్తాన్‌తో కఠినంగా ఉండడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఒప్పందాన్ని పక్కన పెట్టడం వల్ల 2014లో సంపాదించినదాంట్లోంచి మనం ఖర్చు పెడుతున్నాం. ఆ ఖర్చు ఢాకాలో కనబడుతుంది, కాఠ్మండూలో కనబడుతుంది. గంగ నీళ్ల మీద 1996లో బంగ్లాదేశ్‌తో 30 ఏళ్లకు చేసుకున్న ఒప్పందం గడువు 2026తో తీరిపోతుంది. దాన్ని మళ్లీ రాసుకునేటప్పుడు అవతల కూర్చున్నవాళ్లు ఒక్క సంగతే అడుగుతారు: "మీకు కోపమొచ్చిన రోజు ఈ కాగితం ఏమవుతుంది?" 2014లోనైతే మన దగ్గర చెప్పడానికి సమాధానం ఉంది. ఇప్పుడు కూడా ఉండాలంటే, విద్యార్థి గారన్నట్టు, మన చట్టపరమైన వాదనను బయట పెట్టాలి.

మాజీ_నౌకాదళం
వాదన రాసి పెట్టాలన్న మాటకు నేనూ ఒప్పుకుంటాను. బలం ఉన్నవాడు తన కారణం చెప్పుకోవడానికి భయపడనక్కర్లేదు. అంతకుమించి నేను రాలేను. రేపు ఏ ట్రైబ్యునలో అండమాన్ దగ్గర గీత మారుస్తానంటే, ముందు ఓడ పంపి తర్వాత లాయర్ని పంపమంటాను.

వార్సా_తెలుగు
నౌకాదళం గారూ, యూరప్‌లోనూ మీలాంటి ఆలోచన బలపడుతోంది. నెతన్యాహు మీద అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారెంటు ఉండగానే 2025 ఏప్రిల్‌లో హంగరీ ఆయనకు స్వాగతం పలికింది. అదే రోజు ఆ కోర్టు నుంచి తప్పుకుంటామని ప్రకటించింది. అంతకు నెల ముందు మనీలాలో డుటెర్టేను పట్టుకుని అదే కోర్టుకు అప్పగించారు. ఆయనే 2019లో తన దేశాన్ని ఆ కోర్టు నుంచి బయటికి తెచ్చుకున్నారు. అయినా దేశం సభ్యురాలిగా ఉన్ననాటి ఆరోపణలు ఆయన్ని వదల్లేదు. ఒకే ఏడాదిలో ఈ రెండూ చూశాక, చట్టం గెలుస్తోందో ఓడుతోందో ఒక్క మాటలో చెప్పలేకపోతున్నాను.

భావనపాడు_తీరం
మీరందరూ చదువుకున్నోళ్లు, బాగా రాస్తన్నారు. మా ఊళ్లో తగువు పెద్దమనుషుల దగ్గరికెళ్తే, ఓడినోడు కూడా తీర్పుకి తలూపితేనే మళ్లీ ఆ పెద్దమనుషుల దగ్గరికి ఎవడైనా ఎళ్తాడు. సాగరరేఖ గారు సెప్పేది అదేనని నాకర్థమైంది. గాని నేనడిగింది మిగిలిపోయింది. బంగ్లాదేశ్ వైపు పట్టుకుంటే మావోడు ఎన్నాళ్లకు వస్తాడు?

సాగరరేఖ
దానికి కచ్చితమైన గడువేమీ లేదు. 73వ అధికరణం "వెంటనే" అంటుంది, ఆచరణలో నెలలు పడుతోంది. ప్రాదేశిక జలాల్లో పట్టుబడితే అక్కడి సొంత చట్టం ప్రకారమే కేసు నడుస్తుంది. కానీ 2025 జనవరి 5న ఏం జరిగిందో చెబుతాను. రెండు దేశాల సంబంధాలు బాగా చెడిన రోజులవి. అప్పుడు కూడా సముద్రంలోనే మార్పిడి జరిగింది. మన 95 మందిని వాళ్లు, వాళ్ల 90 మందిని మనం, బోట్లతో సహా వదిలాం. గీత తేలి ఉన్నచోట కోస్ట్ గార్డులు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఆ పని చేయగలిగారు. సర్ క్రీక్ వైపు గీతే ఇంకా తేలలేదు. మీ ఊరివాళ్లు ఎక్కువగా వెళ్లేది ఆ వైపే కాబట్టి, మత్స్యకార సంఘం తరఫున 73వ అధికరణం పేరు పెట్టి ఎంపీకి, విదేశాంగ శాఖకు అర్జీ రాయండి. విద్యార్థి గారు ఒప్పుకుంటే ముసాయిదా ఇక్కడే రాద్దాం.

ఓయూ_లా_ఫైనలియర్
రాస్త. అన్నా, మీ సంఘం రిజిస్టరయి ఉన్నదా, బోట్ల లైసెన్సులు ఎవరి పేరు మీద ఉన్నయో ముందు అవి చెప్పు.